అలల పలకయు, అంటని జిగురును



సముద్రపు టలలపై నిలువబడి యొడ్డునకు జారివచ్చుటకై మానవుడు ఒక పలకను కల్పించుకొనినాడు. ఆంగ్లమున దానిని సర్ఫుబోర్డు అందురు. మనము అలల పలక యని పిలుచుకొనవచ్చును. ఈ పలకను అంగడిలో కొనుటకు మారుగా, ఇంటివద్దనే స్వయముగా కట్టుకొను యువకులు నేడు కొందరున్నారు. అట్లు కట్టువారికి వచ్చు చిక్కులు పెక్కు ఒక్కచోటనే పుట్టును. అది జిగురు. జిగురు ఆరక తడితడిగా నుండిపోవుట, ఆరియు పట్టకపోవుట, పట్టినట్లే యుండి కొంతకాలమునకు ఊడిపోవుట - ఈ మూడు రోగములకును కారణములేవి, చికిత్స యేది యను విషయమును నేను మీకు మనవి చేయదలచితిని.

"మా యూరికి సముద్రము ఎంతో దూరము; మాకీ పలకతో నేమి పని?" అని పెద్దలు కొందరు తలపవచ్చును. పలక మీ యూరికి రాకపోయినను జిగురు వచ్చియే యున్నది. మన తీరమున కర్రతెప్పల స్థానమున ఫైబరు తెప్పలు వచ్చినవి. పాకలపై వెలుతురు కొరకు వేయు రేకులును, స్నానపుగదుల తలుపులును అనేకము ఆ జిగురుతోను గాజునారతోను చేసినవే. అవి పగిలినప్పుడు అతుకు వేయుట కూడ ఈ విద్యయే. మరియొక సంగతి. మనుమడు వచ్చి "తాతా, పశువుల సావిడిలో ఒక మూల ఇమ్ము, పలక కట్టుకొందును" అని యడిగినప్పుడు, పెద్దవారు వేయు ప్రశ్న సరియైనదైనచో వాని ధనమును, ఒక్కొక్కప్పుడు ప్రాణమును గూడ కాపాడగలదు.

ముందుగా ఈ పలక పుట్టుపూర్వోత్తరములు. పసిఫిక్ మహాసముద్రపు నడుమనున్న హవాయి దీవులలో జనులు అనేక శతాబ్దములుగా పలకలపై అలల నెక్కి యాడుకొనుచుండిరి. కెప్టెన్ కుక్ అను ఇంగ్లీషు నావికుడు 1778 లో ఆ దీవులకు చేరెను. ఆయన వెంట వచ్చిన జేమ్సు కింగు అను లెఫ్టినెంటు 1779 లో ఈ యాటను కనులార జూచి తన దినచర్యలో వర్ణించి యుంచెను. ఆ కాలపు పలకలు కోవా, విలివిలి, సీమపనస మొదలగు మ్రాకులనుండి చెక్కిన ఏకాండములు. చెక్కినపిదప కుకుయి గింజల నూనె పట్టించెడివారు. ఒకే మ్రానులోనుండి వచ్చిన పలక గనుక దానికి అతుకు లేదు. అతుకు లేనిచోట జిగురుతో ప్రసక్తి లేదు.

1912 లో స్టాకుహోము ఒలింపిక్ పోటీలలో ఈతకు బంగారు పతకము గెలిచిన డ్యూక్ కహనమోకు అను హవాయి వీరుడు ఈ యాటను దేశదేశములకు తెలియజేసెను. 1914-15 లో ఆయన ఆస్ట్రేలియా దేశమున సిడ్నీ చేరువ తీరమునందు పలకపై స్వారి చేసి చూపగా ప్రజలు విరగబడి చూచిరి. కాని ఏకాండపు పలక మిక్కిలి బరువు. ఆ బరువు తగ్గింపగోరి టామ్ బ్లేక్ అను అమెరికా దేశీయుడు లోపల బోలుగానుండు పలకను కల్పించి 1932 లో దానికి పేటెంటు పొందెను. పడవవలె లోన అడ్డబద్దలు పెట్టి పైన పలుచని చెక్కలు కప్పుట ఆయన పద్ధతి. బరువు తగ్గినది, కాని అతుకులు వచ్చినవి. అతుకులతో పాటు జిగురు సమస్యయు వచ్చినది.

రెండవ ప్రపంచయుద్ధము ముగిసినపిదప కాలిఫోర్నియా తీరమున పలకలు కట్టువారు గాజునారతో నేసిన గుడ్డను, పాలియెస్టరు రెసిను అను కృత్రిమపు లక్కను తేలికయైన బాల్సా కర్రపై వేయుట మొదలుపెట్టిరి. 1958 ప్రాంతమున హోబీ ఆల్టరు, గోర్డన్ క్లార్కు అనువారు కర్రకు మారుగా పాలియురిథేను నురుగును గట్టిపరచి నడిమిభాగముగా వాడిరి. ఆ క్లార్కు స్థాపించిన కర్మాగారమే చిరకాలము అమెరికాలో పలకలు కట్టువారికి నురుగు దిమ్మల నందించినది. అది 2005 డిసెంబరులో ఒక్కసారిగా మూతపడగా, పలువురు మన మెరిగిన థర్మోకోలు జాతి నురుగువైపును, ఎపాక్సీ రెసినువైపును మరలిరి. టోక్యో ఒలింపిక్ పోటీలు 2021 లో జరిగినప్పుడు ఈ యాటకు మొదటిసారిగా అందు స్థానము లభించెను. మన దేశమునను విశాఖపట్టణము చేరువనున్న ఋషికొండ మొదలగు తీరములందు అలల నెక్కు యువకులు నేడు కానవచ్చెదరు.

ఇక పలక కట్టుబడి. జీలుగు బెండు నెరిగినవారికి ఇది తెలియుట సులభము. నడుమ బెండువంటి తేలిక వస్తువు. దానికి పైనను క్రిందను గాజునార గుడ్డ. ఆ గుడ్డను తడిపి బెండునకు అంటించు రెసిను. మట్టిగోడలో తరిగిన గడ్డి యెట్టిదో రెసినులో గాజునార అట్టిది. గడ్డి లేని మట్టి బీటలు వారును. మట్టి లేని గడ్డి నిలువదు. పుస్తకపు టాకులను విడివిడిగా నుంచి వంచినచో సులభముగ వంగును. ఆ యాకులనే పిండిజిగురుతో ఒకదానికొకటి అంటించినచో గట్టి అట్టయగును. ఆకులు మారలేదు, అంటుకొనుటయే బలము. అట్లే పలకలోని పొర బెండును విడిచినచో ఆ పలకకు బలము పోయినట్లే. చూచుటకు నిగనిగలాడుచునే యుండును. కాని యొడ్డునకు దూరముగా అల విరుగునపుడు పలకయు విరుగును. అప్పుడు ఈతయే గతి.

జిగురు ఎందుచేత పట్టదు? మన గ్రామములలోని వృత్తులవారి కెల్లరకును ఈ ప్రశ్నకు సమాధానము తెలియును. కళాయి వేయువాడు పాత్రను మొదట తోమి, కాచి, నవాసారము చల్లి తుడుచునే గాని జిడ్డుమీద తగరము పోయడు. తాపీపనివాడు నున్నని పాతగోడపై నూతన గిలాబా వేయుటకు ముందు గాట్లు పెట్టును. వడ్రంగి వజ్రము కాచి పూయునపుడు చెక్క పచ్చిది కాకుండ చూచుకొనును. రెసిను క్రొత్త వస్తువే గాని దాని ధర్మము పాతదే. కారణములను వరుసగా జెప్పెదను.

మొదటిది, జోడు కుదరకపోవుట. పాలియెస్టరు రెసినులో స్టైరీను అను ద్రవము కలదు. ఆ ద్రవము థర్మోకోలును కరగించును. థర్మోకోలు దిమ్మపై పాలియెస్టరు పోసినచో, బెల్లముపై వేడినీళ్ళు పోసినట్లు దిమ్మ గుంటలుపడి కరగిపోవును. కావున థర్మోకోలునకు ఎపాక్సీయే తగినది. పాలియురిథేను నురుగునకు రెండును పనికివచ్చును. మరియు ఆరిన పాలియెస్టరుపై, గరుకు పెట్టిన తరువాత, ఎపాక్సీ చక్కగా అంటుకొనును. కాని ఎపాక్సీపై పాలియెస్టరు నమ్మకముగా పట్టదు. అందుచేత పాతపలకను బాగుచేయుచు, అది దేనితో చేసినదో తెలియనప్పుడు, ఎపాక్సీ వాడుట మేలు.

రెండవది, పాళ్ళు తప్పుట. ఇచట రెండు రెసినులకును గల భేదమును జాగ్రత్తగా గమనింపవలెను. పాలియెస్టరులో కలుపు ద్రవము పాలలో వేయు తోడువంటిది. నూటికి ఒకటి రెండు పాళ్ళు మాత్రమే వేయుదురు. కొంచెము హెచ్చినచో వేగముగను, తగ్గినచో ఆలస్యముగను తోడుకొనును. ఎపాక్సీ అట్టిది కాదు. దానిలో కలుపు హార్డెనరు తోడు కాదు, జంట. కాడికి రెండెడ్లు కట్టినట్లు రెసిను కణమునకు హార్డెనరు కణము జతపడవలెను. ఎద్దులు ఎక్కువైనచో కాడి లేని యెద్దు ఊరక తిరుగును. అట్లే "త్వరగా ఆరును గదా" యని హార్డెనరు ఎక్కువ పోసినచో, మిగిలినది జతలేక ఎన్నటికిని మెత్తగా నుండిపోవును. డబ్బాపై వ్రాసిన పాళ్ళు కొలతకా తూకమునకా యని కూడ చూడవలెను. రెసినును హార్డెనరును సమానమైన బరువు గలవి కావు గనుక కొలత పాళ్ళు వేరు, తూకపు పాళ్ళు వేరు. చిన్న త్రాసు ఒకటి కొనుట వృథావ్యయము కాదు.

పాళ్ళు సరిపోయినను కలుపుటలో లోపముండవచ్చును. గిన్నె అంచులకును అడుగునకును అంటుకొనిన రెసిను కలియక నిలిచిపోవును. గిన్నెను బోర్లించి చివరి బొట్టువరకు పలకపై గీచినచో, ఆ కలియని భాగము అచట జిడ్డు మచ్చగా మిగులును. కావున రెండు నిమిషములకు తగ్గకుండ అంచులును అడుగును గీచుచు కలిపి, పిదప వేరొక గిన్నెలోనికి మార్చి మరల కలుపవలెను.

మూడవది, మలినము. తలకు రాసుకొనిన కొబ్బరినూనె, చేతి చెమట, చిత్రిక పట్టిన ధూళి, పలకపై కాలు జారకుండుటకు రుద్దిన మైనము - వీనిలో ఏది యున్నను జిగురు ఆ మలినమునకు అంటుకొనును గాని పలకకు అంటుకొనదు. శుభ్రమైనదో కాదో తెలిసికొనుట కొక సులభోపాయము కలదు. ఆరి గట్టిపడిన పాతపొరపై కొన్ని నీళ్ళు పోయుడు. నీరు ఒకే పొరగా పరచుకొనినచో శుభ్రము. తామరాకుపై బొట్లవలె విడిపోయినచో జిడ్డు ఉన్నట్లు. పరీక్ష ముగిసినపిదప పూర్తిగా ఆరనిచ్చి తరువాతనే జిగురు వేయవలెను. మైనము ఉన్నచో ముందు దానిని గీచి తుడిచివేసి, పిదపనే గరుకు కాగితము పట్టవలెను. లేనిచో గరుకు కాగితమే మైనమును లోనికి రుద్దును.

నాలుగవది, తేమయు వేడియు. మన తీరవాసులకు ముఖ్యమైన దిదియే. ఎపాక్సీ హార్డెనరులలో పెక్కింటికి గాలిలోని తేమతోను బొగ్గుపులుసు వాయువుతోను కలిసి, ఆరుచున్న పొరపై సబ్బువంటి పలుచని జిడ్డు నేర్పరచు గుణము కలదు. చల్లనిదినమున, తేమ హెచ్చినప్పుడు ఇది మెండు. కంటికి సరిగా కానరాదు. వ్రేలితో రాచినచో జారును. దానిపై రెండవ పూత వేసినచో ఆ పూత అరటిదొప్పవలె ఊడివచ్చును. ఈ జిడ్డు నీటిలో కరగును గనుక మంచినీళ్ళును గరుకు పీచును చాలును. నీళ్ళు మార్చుచు రెండుమారులు కడిగి, తుడిచి, ఆరిన తరువాతనే గరుకు కాగితము పట్టవలెను.

వేడియు అట్లే రెండువైపుల పదునుగల కత్తి. ఉష్ణము 10 డిగ్రీలు హెచ్చినచో రెసిను గట్టిపడు వేగము రమారమి రెట్టింపగును. గిన్నెలో ఎక్కువగా కలిపి యుంచినచో తన వేడికి తానే కాగి పొగలు చిమ్మును. గ్రీష్మమున కొంచెము కొంచెముగా కలిపి, వెడల్పైన పళ్ళెములో పోసికొనవలెను. కర్రతో కట్టు పలకకు మరియొక చిక్కు కలదు. ప్రొద్దెక్కినకొలది కర్ర సందులలోని గాలి వ్యాకోచించి బుడగలుగా పైకి వచ్చి, పూతను సూదిబెజ్జములతో నింపును. కావున మధ్యాహ్నపు వేడి తగ్గుముఖము పట్టినపిదప నీడపట్టున పూత వేయుట మేలు. అప్పుడు గాలి సంకోచించి రెసినును లోనికి పీల్చుకొనును. కాని మంచు పడు వేళకు పూత గట్టిపడునట్లు ముందుగనే ముగింపవలెను.

అయిదవది, వేళ మించుట. ఎపాక్సీ పూత గోటితో నొక్కినచో గుర్తు పడునంత మెత్తగా నున్నప్పుడు తరువాతి పూత వేసినయెడల రెండును ఏకమై ఒకే పొరగా గట్టిపడును. పూర్తిగా గట్టిపడిన పిదప వేయవలసివచ్చినచో మెరుపు పోవునట్లు 80 నంబరు గరుకు కాగితముతో రుద్దక తప్పదు. పాలియెస్టరులో నింకొక రహస్యము కలదు. గుడ్డను అంటించు రకమునకు పైపొర గాలి తగులుటచేత జిడ్డుగనే యుండును. అది దోషము కాదు, తరువాతి పొరను పట్టుకొనుటకు అవసరమైనదే. పైపూతగా వాడు రకములో మైనము కలిసియుండును. అది పైకి తేలి గాలిని అడ్డుకొనుటచే పూత గట్టిగా ఆరును. మైనము కలిసిన పూతపై గరుకు పెట్టక మరియొక పొర వేసినచో అది అంటదు. ఈ రెండు డబ్బాలను తారుమారు చేయుటవలన పాడైన పలకలు నేను కొన్నిటిని చూచితిని.

ఆరవది, జిగురు చాలకపోవుట. ఎండుకర్ర, ముఖ్యముగా అడ్డుకోత ముఖము, దాహముగొన్న నేలవలె రెసినును పీల్చివేయును. అందుచేత మొదట పలుచగా ఒక పూత పూసి, త్రాగనిచ్చి, పిదప రంపపుపొట్టువంటి మెత్తని పొడి కలిపి చిక్కపరచిన రెసినును పెట్టి అతుకు బిగింపవలెను. వడ్రంగులకు బిగింపుపై ప్రేమ మెండు. వజ్రమునకు ఆ బిగింపు తగును. కాని ఎపాక్సీ అతుకును శక్తికొలది బిగించినచో రెసిను అంతయు వెలికి కారిపోయి అతుకు పస్తుండును. ముఖములు రెండును తాకునంత బిగింపు చాలును. గాజుగుడ్డ తడియనిచోట తెల్లని మచ్చలు కనబడును; అచట బలము లేదు. అట్లని రెసిను పారబోసినచో గుడ్డ తేలిపోవును, బరువు పెరుగును. చేతితో వేయుపనిలో గుడ్డ బరువెంతో రమారమి రెసిను బరువంత యుండుట మంచిమాట. టేకు మొదలగు తైలముగల కర్రలను ఎసిటోనుతో తుడిచి, ఆరినవెంటనే అతుకవలెను. ఆలసించినచో తైలము మరల పైకి వచ్చును.

రోగనిదానము ఎంత ముఖ్యమో తెలియుటకు ఒక యుదాహరణము మనవి చేసెదను. తీరవాసియగు నొక యువకుడు ఆషాఢమాసములో కట్టిన పలకను నా యొద్దకు మోసికొనివచ్చెను. నడుమ థర్మోకోలు, పైన ఎపాక్సీ. రెండవ పూత అరచేతులంత పెచ్చులుగా లేచినది. "మాస్టారూ, అంగడివాడు నాకు నకిలీ రెసిను అంటగట్టినాడు. దీనిమీద గట్టిరంగు వేసి ఈ యాదివారము నీళ్ళలో దింపెదను. పగిలినచో పగులనిండు" అనెను. తల్లి గాజులు తాకట్టుపెట్టి తెచ్చిన సొమ్మది యని వాని మాటలవలన నాకు తెలిసినది.

నేను ఒక పెచ్చును తీసి వెనుకకు త్రిప్పి చూచితిని. దాని యడుగు అద్దమువలె మెరయుచుండెను. జిగురు నిజముగా పట్టి తరువాత ఊడినచో, ఆ యడుగున క్రిందిపొర యొక్క చీలికలో గుడ్డపోగులో అంటి రావలెను. అద్దమువంటి మెరుపు వచ్చినదనగా అది యెన్నడును పట్టలేదని యర్థము. పెచ్చు గోటికి గట్టిగానున్నది గనుక రెసిను చక్కగనే యారినది. నకిలీ కాదు, పాళ్ళును తప్పలేదు. క్రిందిపొరపై నీళ్ళు చల్లి వ్రేలితో రాచితిని; సబ్బువలె జారినది. "బాబూ, మొదటి పూతకును రెండవ పూతకును నడుమ ఎంతకాలము గడచినది?" అని యడిగితిని. "రెండు రాత్రులండి. వాన పట్టుకొనినది" అనెను. రోగము దొరకినది. వానతేమకు మొదటి పూతపై చేరిన జిడ్డును కడుగకుండనే రెండవది వేసినాడు.

నాణెముతో పలకనంతయు తట్టి చూచితిమి. కుండను కొనువారు తట్టి చూచునట్లే, పొర గట్టిగా పట్టినచోట నాణెము కణకణలాడును; విడిచినచోట బొదబొదలాడును. మొదటిపొర ఎల్లెడల కణకణ మనెను. కావున లోపలి పలక క్షేమము. ఊడిన పూతనంతయు ఉలితో గీచివేసి, నీళ్ళతోను పీచుతోను కడిగి, ఒక దినము ఆరబెట్టి, మెరుపు పోవునట్లు గరుకు కాగితము పట్టి, ధూళి తుడిచి, పొడిగా నున్న మధ్యాహ్నమున ఒకే దినములో రెండు పూతలు వేయించితిని. వానికి అదనముగా పట్టినది కొద్దిపాటి రెసినును, నాలుగు దినముల ఓపికయును. రంగువేసి కప్పినచో ఆ ఖర్చు కూడ దండుగయ్యెడిది. ఆ పైన సముద్రములో ఏమి జరిగెడిదో చెప్పనక్కరలేదు.

ఇక చికిత్సలు. రెసిను ఆరక జిడ్డుగా నున్నచో మొదట తొందరపడక, వెచ్చనిచోట ఒకటి రెండు దినములు ఉంచి చూడవలెను. చలిచేత ఆలస్యమైనచో అప్పటికి గట్టిపడును. అప్పటికిని గోటికి అంటుకొనుచున్నచో పాళ్ళో కలుపుటయో తప్పినదని నిశ్చయము. అట్టిదానిపై ఎన్ని పూతలు వేసినను బురదపై గచ్చు పోసినట్లే. జిడ్డునంతయు గీచివేసి, గట్టి తావు చేరువరకు తుడిచి, గరుకు పెట్టి, క్రొత్తగా వేయవలెను.

పొర బెండును విడిచి బుడగవలె లేచినచో దాని వైశాల్యము చూడవలెను. అరచేయంత లోపైనచో, ముందుగా లోనికి నీరు చొచ్చినదేమో కనిపెట్టి పూర్తిగా ఆరబెట్టవలెను. తడిబెండుపై జిగురు వేయుట నిష్ప్రయోజనము. పిదప బుడగ యిరుకొనలను రెండు చిన్న బెజ్జములు చేసి, ఒకదానిలోనుండి పిచికారీతో ఎపాక్సీ ఎక్కించి, రెండవదానిలోనుండి వెలికి వచ్చువరకు నింపి, పైన పాలిథీను కాగితము పరచి ఇసుకసంచి బరువు పెట్టవలెను. పాలిథీనుకు ఎపాక్సీ అంటదు గనుక మరునాడు సులభముగ ఊడివచ్చును. బుడగ పెద్దదైనచో ఈ చిట్కా చాలదు. విడిచిన పొరను కోసివేసి, చుట్టునున్న మంచిపొర అంచును వాలుగా రాచి, ఆ వాలుపైకి రెండు మూడు అంగుళములు ఎక్కునట్లు క్రొత్తగుడ్డ వేయవలెను. వస్త్రమునకు మాసిక వేయునపుడు చినుగుకంటె మాసిక పెద్దదిగా నుంచునట్లే యిది.

బాగైన పలకను ఎండలో పడవేయరాదు. మూసిన కారులోను, ముదురురంగు వేసిన పలకపైనను వేడి మిక్కుటమై లోనిగాలి ఉబ్బి పొరను లేపును. బోలుపలకకు ఇందుకొరకే గాలి బిరడా పెట్టుదురు. గట్టుపైకి రాగానే దానిని విప్పవలెను, నీళ్ళలో దిగునపుడు మరువక బిగింపవలెను.

దేహరక్షణను గూర్చి నాలుగు మాటలు. ఎపాక్సీ చర్మమునకు పదేపదే తగిలినచో ఒకనాటికి ఒడలికి సరిపడక దద్దురులు లేచును. ఒకసారి అట్లైన వానికి ఆ పని జన్మలో పనికిరాదు. చేతులకు రబ్బరు తొడుగులు ఉండవలెను. అంటినచో సబ్బునీళ్ళతో కడుగవలెనే గాని ఎసిటోనుతో తుడువరాదు. అది విషమును చర్మములోనికి దింపును. పాలియెస్టరులో కలుపు ద్రవము కంటిలో పడినచో చూపు పోవచ్చును. కంటికి అద్దములు పెట్టుకొనక ఆ సీసా మూత విప్పరాదు. ఆ ద్రవమును, కోబాల్టు అను వేగము పెంచు మందును ఎన్నడును నేరుగా కలుపరాదు, ప్రేలును. మొదట ఒకదానిని రెసినులో చక్కగా కలిపి, పిదపనే రెండవది కలుపవలెను. గరుకు పట్టు ధూళి ఊపిరితిత్తులకు చెరుపు. ముక్కునకు తగిన ముసుగు కట్టుకొనవలెను. పశువుల సావిడి ఇచ్చినచో పశువులను వేరొకచోట కట్టుడు. గడ్డివామికి దూరముగా పని చేయించుడు. స్టైరీను, ఎసిటోను ఆవిరులు నిప్పు నందుకొనును గనుక బీడీ చుట్టలు ఆ దరిదాపుల కూడవు.

ఈ విద్యలో పెద్దవారు ప్రవీణులు కానక్కరలేదు. పలక సిద్ధమైనదని కుర్రవాడు తెచ్చి చూపినప్పుడు నాలుగు ప్రశ్నలడిగిన చాలును. పాళ్ళు తూచి కలిపితివా? పూతకును పూతకును నడుమ కడిగి గరుకు పెట్టితివా? తేమలేని దినము చూచి వేసితివా? నాణెముతో అంతట తట్టి చూచితివా? నాల్గింటికిని వాడు తడుముకొనక బదులు చెప్పినచో ఆశీర్వదించి పంపుడు. ఒకదానికి తలవంచినచో ఆ దినము పలకను గోడకు చేర్చి యుంచుడు. అల రేపును వచ్చును.